పెదాల మధ్య తులసాకు

ఆ ఎండాకాలం మా తమ్ముని నోరు మూయించే పని నా మీద పడింది.

వాడేదో వాగుడుకాయ అనుకుంటారేమో. కాదు. మా వీధిలో వానికంటే తక్కువ మాట్లాడేది గుళ్లో ఉండే చెన్నకేశవస్వామి ఒక్కడే. అయినా మూయించాల్సొచ్చింది.

అప్పుడు నేను ప్రొద్దుటూరు బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ట్రైనర్‌ని. కోర్సు పేరు కెరీర్ రెడీనెస్. ఇంటర్వ్యూలో ఎట్ల కూసోవాల, చెయ్యి ఎంత గట్టిగా పట్టుకోవాల, 'ఐదేండ్ల తర్వాత నువ్వు యాడుంటావు' అని అడిగితే ఏం చెప్పాల, ఇవన్నీ పిల్లోళ్లకు నేర్పిస్తాంటి. నన్నూ ఒకప్పుడు ఆ ప్రశ్న అడిగినారు. బెంగుళూరులో మీ కంపెనీలోనే ఉంటా అని చెప్పినా. రెండేండ్లు ఉన్నా గూడా. తర్వాత ఒక పొద్దున వీడియో కాల్ పెట్టి, నవ్వుకుంటానే, మాలో సగం మందిని ఇంటికి పంపించేసినారు. ఆ నవ్వు ఎట్ల నవ్వాల్నో ఇప్పుడు నా సిలబస్‌లో ఒక చాప్టరు. ఉద్యోగం పోయిన మనిషి ఉద్యోగం తెచ్చుకునేది ఎట్లో చెప్తాంటే ఆ కాలేజీలో ఎవురికీ వింతగా అనిపించలా. నాకు గూడా మొదటి వారం దాకానే అనిపించింది.

మా ఇల్లు జమ్మలమడుగులో. నాన్న రామచంద్రయ్య ఆ చెన్నకేశవస్వామి గుళ్లో అర్చకుడు. కరోనా వచ్చిపోయినాక ఆయనకు ఊపిరి సగమే మిగిలింది. శనివారం పొద్దున వెయ్యి నామాల అర్చన చేస్తాడు. మధ్య మధ్యలో ఊపిరి తెగిపోతాది. తెగిపోయిన చోట వెనక నిలబడిన మా తమ్ముడు విష్ణుతేజ అందుకుంటాడు. ఎంత కరెక్టుగా అందుకుంటాడంటే, కళ్లు మూసుకున్నోళ్లకు గొంతు మారిందని గూడా తెలీదు. నాన్న ఊపిరి తీసుకోని మళ్లా కలుస్తాడు. అట్ల ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేస్తాండ్రి.

తేజకు ఉద్యోగం వస్తే నాన్న గుడి మానుకోని ఇంట్లో కూసోవచ్చు. మా ఇంట్లో అందరి మనసులో ఉండింది ఆ ఒక్కటే. ఎవురూ బయటికి అనలా అంతే.

ఉగాది పోయినాక మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ శివశంకర్ సార్ ల్యాబులోకి పరిగెత్తినట్టు వచ్చినాడు.

"నీరజ మేడం, కంపెనీ వస్తాంది! పులివెందులలో పూల్ డ్రైవ్!"

పూల్ డ్రైవ్ అంటే చుట్టుపక్కల కాలేజీల పిల్లోళ్లనంతా ఒక్కచోట పోసి, కంపెనీ వాళ్లు చింతపండులో గింజలు ఏరినట్టు ఏరుకునేది. ఫైనలియర్ వాళ్లు ఆ మాట విన్న రోజునుంచి షర్టులు ఇస్త్రీ చేసుకోని రావడం మొదలుపెట్టినారు. డ్రైవ్ ఇంకా ఎన్నో వారాలుండాది.

అసలు గండం కంప్యూటర్ మీద పరీక్ష. దాంట్లో కాపలాకు మనిషి ఉండడు. కెమెరానే మన మొగం చూస్తాంటాది. పక్కకు చూస్తే ఒక వార్నింగు. నోరు కదిలితే ఒక వార్నింగు. మూడోది వచ్చిందంటే పరీక్ష దానంతటదే మూసుకుంటాది. అడుక్కునేదానికి, కాళ్లు పట్టుకునేదానికి ఎదురుగా ఎవురూ ఉండరు. అట్లాంటి సాఫ్ట్‌వేరే తెచ్చి మా ల్యాబులో ప్రాక్టీసు పెట్టినా.

తేజ గూడా నా క్లాసే. క్లాసులో నన్ను మేడం అంటాడు, బస్సెక్కినాక అక్కా అంటాడు. కోడింగులో వాని మాదిరి రాసేటోళ్లు ఆ బ్యాచిలో లేరు. తమ్ముడని చెప్పడంల్యా. వాని గురించి నాకు దిగులే లేకుండె.

పరీక్ష మొదలైన కాసేపటికే వాని స్క్రీన్ మీద ఎర్ర పెట్టె వచ్చింది. మీరు మాట్లాడుతున్నట్టు గుర్తించాం, మొదటి హెచ్చరిక. వాడు అదిరిపడి చుట్టూ చూసినాడు. చూసినందుకు రెండోది. మళ్లా ప్రశ్నలో పడినాడు. మూడోది. స్క్రీన్ నల్లగా అయిపోయింది.

"నేను మాట్లాడలేదు మేడం," అన్నాడు. నిజంగానే మాట్లాడలా.

తన వంతు కోసం వెనక వరసలో కూసోనున్న సునీత లేసింది. "మేడం, మీ తమ్ముడు కంప్యూటర్‌కు అర్చన చేస్తాండాడు. హారతి పళ్లెం తెమ్మంటారా?"

ఆ వరసంతా నవ్వె. సునీతది చాపాడు పక్కన పల్లె. వాళ్ల నాయన రంగన్న గొర్లు మేపుతాడు. బయట ఆ పిల్ల నోటికి తాళం లేదు గానీ, కెమెరా ముందర రాయి మాదిరి కూసుంటాది. ఒక్క వార్నింగు రాదు.

"ఎట్ల కూసుంటావే అట్ల?" అని అడిగినా.

"సెలవలొస్తే గొర్ల కాడ పొద్దుగూకులూ ఒకే దిక్కు సూసుకుంటా కూసోవాల మేడం. ఈ కెమెరా ఎంత, గంట. గొర్రెలైతే గంటకు వదుల్తాయా?"

తేజకు వాని వీడియోనే వేసి చూపించినా. ప్రశ్న చదివినప్పుడల్లా పెదాలు సన్నగా కదుల్తాండాయి. గొంతు రాదు. ఒట్టి పెదాలే. వాడు చానాసేపు చూసినాడు.

"నాన్న మాదిరి ఉండాను," అన్నాడు.

అవును మరి. వానికి మాటలు రాకముందే నాన్న ఒళ్లో కూసోబెట్టుకోని నామాలు చెప్పిచ్చినాడు. అఆలు, ఎక్కాలు, సైన్సు, ఏదైనా సరే, "గట్టిగా చదువు నాయనా, నాకు వినపడాల" అంటాండె. వాడు ఇరవయ్యొక్క ఏండ్లూ నోటితోనే ఆలోచన చేసినాడు. గొంతు తగ్గించడం నేర్చుకున్నాడు గానీ పెదాలు ఆపాల్సిన అవసరం ఎప్పుడూ రాలా. నేను గూడా ఆ నామాలు గిన్నెలు తోముకుంటా, వాకిలి ఊడ్చుకుంటా విని నేర్చుకున్నా. నన్ను ఎవురూ చెప్పమనలా కాబట్టి నాకు పెదాలు కదిలే రోగం రాలా.

ఆ పొద్దునుంచే ఇంట్లో ట్రైనింగు మొదలుపెట్టినా. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి కెమెరా ఆన్ చేసినా. వాడు లెక్కలు చెయ్యాల, పెదాలు కదలకూడదు. మొదట పెన్ను పెట్టిచ్చినా, పెదాలతో గట్టిగా పట్టేసి మిగతా మొగమంతా కదిలిస్తాండె. పేపరు ముక్క పెట్టిచ్చినా, తడిసి ఊడొచ్చె. అప్పుడు నాన్న గుళ్లోనుంచి తెచ్చిన పళ్లెంలో తులసాకు కనపడింది. పల్చన. కొంచెం కదిలినా పడిపోతాది.

అమ్మ రుక్మిణమ్మ వంటింట్లోనుంచి వచ్చి చూసింది.

"ఏందే అది? తులసాకు నోట్లో ఎప్పుడు పెడతారో తెలుసునా నీకు? పోయేటోళ్లకు పెడతారు!"

"నోట్లో కాదమ్మా, పెదాల మధ్య."

"ఆ రెంటికీ ఎంత దూరముందే?"

నాన్న నవ్వినాడు. నవ్వు దగ్గు అయ్యింది. దగ్గు ఆగినాక, "పర్లేదులే రుక్మిణీ, స్వామి పాదాల కాడిది. ఏమీ కాదు. రోజూ నేనే తెచ్చిస్తా," అన్నాడు.

రోజూ తెచ్చినాడు. గుళ్లోనుంచి వస్తానే పైపంచె కొంగు విప్పి మంచి ఆకులు ఏరి పళ్లెంలో పెడ్తాండె. వాడు దాన్ని పెదాల మధ్య పెట్టుకోని కూసుంటే నేను ప్రశ్న ఇచ్చేది. రెండు పైపులు తొట్టిని నింపుతాయి, ఒక పైపు ఖాళీ చేస్తాది, ఎంతసేపటికి నిండుతాది.

"ఆ ఖాళీ చేసేదాన్ని మూసేస్తే పోయె గదా! దానికి లెక్కెందుకు?" అని అమ్మ.

తేజకు నవ్వొచ్చి ఆకు పడె.

మొదట్లో పెట్టిన ఆకు పెట్టినట్టే పడిపోతాండె. పెదాలు ఆపితే లెక్క రాదు, లెక్క చేస్తే పెదాలు ఆగవు. "ముందు అడుగు యాడ వెయ్యాల్నో కనపడదక్కా, చీకట్లో నడిచినట్టు ఉండాది," అంటాండె. ఇంకొక తంటా ఏందంటే, నాన్న ఇంట్లో సంధ్యావందనమో ఏదో మొదలుపెడితే వాని పెదాలు వానికి తెలీకుండానే ఆయన వెనకాల పోతాండె. ఇది గమనించి నాన్న పెరట్లోకి పోయి, తలుపేసుకోని, చెట్టు కింద కూసోని చేసుకోవడం మొదలుపెట్టినాడు. ఆ ఎండలో.

"పరీక్ష అయ్యేదాకా శనివారం గుళ్లోకి గూడా రావద్దులే తేజా," అన్నాడు ఒకరోజు. "నేను చూసుకుంటా. ఆగి ఆగి చెప్తా. స్వామి యాడికీ పోడు గదా."

మే నెల సగానికి వచ్చేసరికి మా ఇల్లు లైబ్రరీ మాదిరి అయిపోయింది. అమ్మ మిక్సీ గూడా వాడు లేనప్పుడే వేస్తాండె. ఆకు కొంచెం కొంచెంగా ఎక్కువసేపు నిలబడింది. ఒక మధ్యాహ్నం మొత్తం పరీక్ష అయిపోయేదాకా పడలా. మార్కులు చూస్తే అన్నీ కరెక్టు. నేను ఎగిరి గంతేసినా. ట్రైనర్‌గా నా జీవితంలో మొదటిసారి ఒక మనిషిని నిజంగా మార్చినా మరి.

తేజ పెదాల మీదినుంచి ఆకు తీసి పళ్లెంలో పెట్టినాడు. నాన్న దాన్ని రెండు వేళ్లతో పట్టుకోని చూసినాడు.

"ఎండిపోయింది," అన్నాడు. అంతే.

డ్రైవ్ రోజు కాలేజీ బస్సులో ప్రొద్దుటూరు నుంచి పోయినాం. ఎర్రగుంట్ల దాటేదాకా అందరూ నేను నేర్పిచ్చిన 'నా గురించి' గొణుక్కుంటాండారు. బస్సంతా తేనెటీగల పట్టు మాదిరి మోత. ఒక్క తేజ మాత్రం కిటికీ పక్కన నోరు మూసుకోని కూసుండాడు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ పోయింది, కలమల్ల కాడ థర్మల్ పొగ గొట్టాలు పోయినాయి. 

"మీ తమ్మునికి జ్వరమా మేడం?" అని సునీత.

"ట్రైనింగు," అని చెప్పినా, గొప్పగా.

పులివెందులలో పరీక్ష పెట్టిన కాలేజీ గేటు కాడ సెక్యూరిటీ వాడు అందరి జేబులూ ఖాళీ చేయిస్తాండాడు. తేజ జేబులోనుంచి తులసాకు పొట్లం బయటపడె.

"ఏందప్పా ఇది? మందా?"

"తులసి సార్. గుళ్లోది."

వాసన చూసినాడు. "లోపలికి కాగితం ముక్క గూడా ఒద్దన్యారు. నేనేం చేసేది," అని కిటికీలో పెట్టినాడు. తేజ నా వైపు చూసినాడు. ఆకు లేకుండానే చెయ్యగలవు అని సైగ చేసినా.

చేసినాడు. ఒక్క వార్నింగు రాలా. సాయంత్రం ఆడిటోరియంలో పేర్లు చదివినారు. నాలుగు కాలేజీల్లో కలిపి ఒక బెంచీ మీద పట్టేంత మందిని తీసుకున్నారు. మా కాలేజీ నుంచి ఇద్దరు. విష్ణుతేజ, సునీత. శివశంకర్ సార్ ఏడ్చినంత పని చేసినాడు. సునీత వాళ్ల నాయనకు ఫోన్ చేసి, "నాయనా, గొర్లను తోలుకోని ఇంటికి పో, ఈపొద్దు నీకు సెలవ," అని అరిచింది.

వచ్చేటప్పుడు కిటికీలోనుంచి పొట్లం తీసుకున్నా. తేజకు ఇస్తే వద్దన్నాడు.

వారం తిరక్కముందే కాలేజీ గేటు మీద మనిషికి రెండింతలు పెద్ద ఫ్లెక్సీ కట్టినారు. సునీత పళ్లన్నీ కనపడేట్టు నవ్వుతాండాది. తేజ నోరు గట్టిగా మూసుకోని ఉండాడు. ఫొటో తీసినోడు నవ్వమంటే నవ్వలేదంట. ఇంట్లో అమ్మ మిక్సీ మళ్లా ఇష్టమొచ్చినప్పుడు వేసింది. నాన్న గుడి కమిటీ వాళ్ల కాడికి పోయి, దసరాకల్లా వేరే అయ్యవారిని చూసుకోండి అని చెప్పొచ్చినాడు. ఆ రాత్రి ఆయన దగ్గు గూడా తక్కువున్నట్టు అనిపించింది.

జాయినింగు తేదీ తర్వాత చెప్తాం అని కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టినారు. ఆ తర్వాత ఇంకొంచెం టైం పడుతుంది అని ఇంకొకటి. ఎప్పుడు పిలుస్తారో ఏమో అని నాన్న వాణ్ణి శనివారాలు గుళ్లోకి పిలవలా. ఆషాఢంలో మూడోది వచ్చింది. వ్యాపార పరిస్థితుల వల్ల ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నాం, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు. నేను ఆ రకం మాటలు ఇంతకుముందే విన్నా కాబట్టి, తేజ ఫోన్ ఇయ్యకముందే వాని మొగంలో చదివినా.

ఇద్దరినీ తీసేసినారు. శివశంకర్ సార్ కాడికి పోతే ఆయన పాపం కుర్చీలోనుంచి లేసి నిలబడినాడు. "మన చేతిలో ఏముంది మేడం? పిల్లోళ్లు సెలెక్టు అయితే అయినారు గదా, అది మాత్రం నిజమే గదా?" అన్నాడు. ఫ్లెక్సీ దించలా. అడ్మిషన్ల టైము.

నాన్న మళ్లా కమిటీ కాడికి పోయినాడు. కమిటీలో వనజమ్మ అని ఒకామె ఉండాది. శనివారం మాల ఆమే కట్టి తెస్తాది. "ఉండు స్వామీ, మేము పొమ్మనలేదు గదా. మీ అబ్బాయి ఎట్లాగూ ఇంట్లోనే ఉండాడు, వెనకాల నిలబడతాడు," అన్నదంట. నాన్న అది చెప్పేటప్పుడు కొంచెం సంతోషంగానే ఉండె. పాతదే అయినా ఏదో ఒకటి మళ్లా చేతికొచ్చింది గదా అన్నట్టు.

ఆ శనివారం తేజ తానం చేసి పంచె కట్టుకోని నాన్న వెనకాల నిలబడినాడు. నేను, అమ్మ ఆడోళ్ల వైపు కూసుండాం. వనజమ్మ మాల ఇచ్చొచ్చి మా పక్కనే కూసునింది. నాన్న మొదలుపెట్టినాడు. చానా వారాల తర్వాత తోడు ఉండాడనేమో, మునుపటి వేగంతో పోతాండాడు. ఒక్కొక్క నామానికి ఒక్కొక్క తులసి దళం. వందో, నూటిరవయ్యో అయ్యింటాయి. ఊపిరి తెగింది.

ఆయన చెయ్యి దళంతో అట్లనే గాల్లో ఆగింది. ఎదురుచూసినాడు.

తేజ అందుకోలా.

నేను వాని మొగం చూసినా. కళ్లు తెరిచే ఉండాయి. చెమట పడతాండాది. పెదాలు కదల్లేదు. నేను నేర్పిచ్చినట్టే ఉండాయి, ఆకు పెట్టినా పడనట్టు.

గుళ్లో ఫ్యాను శబ్దం వినపడింది. ఎవురో పిల్లోడు 'అయిపోయిందా అమ్మా' అని అడిగినాడు. నాన్న వెనక్కి తిరిగి కొడుకును చూసినాడు. కోపం ల్యా. ఏదో అర్థమైనట్టు కొంచెం తల ఊపినాడు. ముందుకు తిరిగి, గోడకు చెయ్యి ఆనించుకోని, ఊపిరి దొరికినాక ఆగిన నామం కాడనుంచి ఒక్కడే మొదలుపెట్టినాడు.

"పిల్లోడు మర్చిపోయినట్టుండాడు రుక్మిణమ్మా," అని వనజమ్మ గుసగుసగా. "చదువులు ఎక్కువైతే అంతే."

అమ్మ గోడకు ఆనించిన నాన్న చెయ్యినే చూస్తాండె.

ఇంటికొచ్చినాక తేజను అడిగినా, మర్చిపోయినావా అని.

"లేదక్కా. లోపల వస్తానే ఉండాయి. నాన్న ఆగినాడు, నాది అక్కడే ఉండాది, తర్వాత నామం. నోరు తెరుద్దామంటే ఎర్ర పెట్టె కనపడింది."

"గుళ్లో ఎర్ర పెట్టె యాడిదిరా?"

"నాకేం తెలుసు," అన్నాడు. "ఇంకొకసారి వస్తే మూసేస్తాది అనిపించింది."

తర్వాతి శనివారం గూడా నిలబడినాడు. ఆ తర్వాతిది గూడా. మూడు వారాలైనాక నాన్నే, "ఇంట్లో ఉండులే నాయనా," అన్నాడు. తేజ ఇప్పుడు ఇంట్లో కూసోని అన్ని కంపెనీలకూ పరీక్షలు రాస్తాండాడు. ఒక్క దాంట్లో గూడా వార్నింగు రాదు. ఒక్క దాంట్లోనుంచి గూడా జవాబు రాదు.

ఒకరోజు పెరట్లో తులసి కోట కాడ నాన్న కనపడితే, తప్పు నాదే అని చెప్పాలనే అనుకున్నా. నోరు తెరవకముందే ఆయనే, "వాని తప్పేం లేదమ్మాయ్. నీది గూడా కాదు. రోజూ ఆకు తెచ్చిచ్చింది నేనే గదా," అని, బిందెలో మిగిలిన నీళ్లు చెట్టుకు పోసి లోపలికి పోయినాడు.

సునీత ప్రొద్దుటూరులో ఒక పెద్ద బట్టల షాపులో బిల్లింగు కాడ చేరింది. అమ్మతో చీర కొనేదానికి పోతే కనపడె. "మేడం, మీరు చెప్పిన నవ్వు ఈడ శానా పనికొస్తాంది," అనింది. "పొద్దున్నుంచి రాత్రి దాకా అదే నవ్వు. గొర్ల కాడైతే నవ్వాల్సిన పని గూడా లేకుండె." తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఫ్లెక్సీ సూసి మా ఊరోళ్ల పిల్ల మీ కాలేజీలో చేరింది మేడం. నేను చెప్పినా ఇనలా," అనింది.

ఫస్టియర్‌కు గూడా నా కోర్సు పెట్టినారు, ఆ పిల్ల ఇప్పుడు నా క్లాసులోనే ఉండాది. శివశంకర్ సార్ ల్యాబు వరండాలో వరసగా తులసి కుండీలు పెట్టించినాడు. తేజ సంగతి ఎవురో చెప్పినారంట. పిల్లోళ్లు లోపలికి పోయేటప్పుడు తలా ఒక ఆకు తుంచుకోని పెదాల మధ్య పెట్టుకోని కూసుంటారు. ల్యాబంతా నిశ్శబ్దం. కంపెనీ ఏదన్నా వస్తాదేమో అని అందరం ఎదురుచూస్తాండాం.

శనివారాలు సెలవ పెట్టి గుడికి పోతాండా. నాన్న ఆగి ఆగి చెప్తాడు. అర్చన అయ్యేసరికి జనం సగం మంది లేసి పోయింటారు. ఊపిరి తెగినప్పుడల్లా ఆయన చెయ్యి గాల్లో ఆగుతాది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూడడు. ఆ ఖాళీలో, ఆడోళ్ల వైపు గోడ పక్కన కూసోని, నా పెదాలు కదుల్తాయి. తర్వాత నామం, దాని తర్వాతది, ఒక్కటి గూడా తప్పు పోదు. గొంతు మాత్రం రాదు. ఈడ కెమెరా లేదు, వార్నింగు ఇచ్చేటోళ్లు లేరు. ఎవురికీ వినపడదు.